కొసరు కుండ

నా చిన్నప్పుడు, 1969 తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డ రోజుల్లో, జగిత్యాలలోని మా తాతయ్య కిరాణా దుకాణమే నాకు బడి. తక్కెడ ముల్లు కంటే నా నాలుక ముందు ఊగేది. బేరంలో నన్ను మించిన ఆడపిల్ల బజారులో లేదని నా గట్టి నమ్మకం.

తూకం అయ్యాక గిరాకీ కొసరు అడగడం, గుప్పెడు పోయడం అన్ని దుకాణాల్లోనూ ఉన్నదే. మా దుకాణంలో మాత్రం ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు ఆ కొసరును గల్లాపెట్టె పక్కనున్న కుండలో వేసి పోయేవారు. బియ్యం, పప్పు, పల్లీలు అన్నీ కలిసిన ఆ కుండే, మా బజారు బస్తాలు మోసి నడుము పోయిన హమాలీ తాతకు ఆధారం. నాకు పెట్టే పల్లీల్లో కొసరూ అందులోకే పోవాలనేవాడు తాతయ్య. నాకు కడుపు మండేది.

"తాతా, నా కొసరు గాయనెందుకు తినాలె? ఎవరి కుండ వాళ్లకే పెట్టు."

"మంచి బేరమే. కానీ గా కుండల మళ్ల నీకు వాటా లేదు" అని చిన్న ముంత నా చేతిలో పెట్టాడు. అంత సులువుగా గెలిచినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బంద్‌లు మొదలయ్యాయి. దుకాణం తెరవడమే గగనమైంది. ఒకరోజు వెనక గదిలో దాచిన ముంత తీస్తే పొట్టు మిగిలింది. ఎలుకలు నాకంటే గట్టి బేరగాళ్ళు. ఏడుస్తూ అరుగు మీదికి వస్తే హమాలీ తాత తన వంతు గింజలు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. కుండ అడుగంటింది, రేపు ఆయనకు పొయ్యి వెలుగుతుందో లేదో. అయినా పల్లీలు ఏరి నా గుప్పిట్లో పోశాడు.

"తిను బిడ్డా. నేను మోసినప్పుడు నువ్వు పుట్టలే. నువ్వు మోసేనాటికి నేనుండ."

రెండు పలుకులు తిని మిగిలినవి కుండలో వేశాను. ఆ రెండూ వదులుకునేంత గొప్పదాన్ని కాను.

అప్పుడే ఊరేగింపుకు నినాదాలు రాసిన అట్టలతో కుర్రాళ్ళు మంచినీళ్ళకు ఆగారు. తాతయ్య వాళ్ళ వైపు తిరిగాడు.

"కొలువులడుగుతున్నరు, మంచిగున్నది. కొలువే లేనోడు ముసలోడైతే ఎట్లనో గది గూడ అడుగుండ్రి. నా కుండ నాలుగు బంద్‌లకే ఒడిసింది. ఊరంత వేసే కుండ సర్కారే పెట్టాలె. ఇయ్యాల చేతనైనోడు వెయ్యాలె, రేపు వానికి చిన్నోళ్లు వెయ్యాలె."

"తాతా, అట్ట సాల్తలేదు!" అని ఒకడు నవ్వాడు.

"ఎనుకకు తిప్పి రాయి."

రాశాడు. మర్నాడు ఆ కుర్రాళ్ళే ఇంటింటికీ తిరిగి గుప్పెడు గుప్పెడు తెచ్చి కుండ నింపారు.

ఇప్పుడు నేను సర్కారు పించను తీసుకునే ముసలిదాన్ని. డబ్బు చేతిలో పడ్డప్పుడల్లా, ఈ నెల నన్నెవరు మోస్తున్నారో అనుకుంటాను. మొన్న మనవడు జీతంలో పన్ను కోశారని సణుగుతూ, "ఎవరిది వాళ్లకే ఉంటే ఏమైతది నానమ్మా?" అన్నాడు. అచ్చం నా నాలుకే. హమాలీ తాత మాట చెప్పినా వాడు బేరం వదల్లేదు.

"సరే" అని, ఇన్నేళ్ళుగా దాచుకున్న ఆ ముంత తెచ్చి వాడి చేతిలో పెట్టాను. ఎలుకల సంగతి మాత్రం చెప్పలేదు.