గచ్చు మీద ఎరుపు

మాది కోలారు గోల్డ్ ఫీల్డ్స్. మామగారికి గని వాళ్ళిచ్చిన లైనింట్లోనే ఉంటున్నాం. గని మూతపడ్డాక మావారు రోజూ రైల్లో మాలూరు వెళ్ళి, పట్టునూలుకు రంగులద్దే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. సాయంత్రం వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుంటే బాత్రూమ్ గచ్చంతా ఆరోజు వేసిన రంగే. విసుక్కుంటూ ఫినాయిల్ పోసి రుద్దడం నా వంతు.

ఈ ఎండాకాలం గచ్చు మీద ఎరుపే ఎక్కువగా కనిపించేది. ఒకరోజు కోపం పట్టలేక అడిగేశాను.

“ఆ ఎర్ర రంగు ఫ్యాక్టరీలోనే కడుక్కోని రాకూడదా? రుద్దీ రుద్దీ నా చేతులు పోతా ఉండాయి.”

“ఎరుపు యాడిది? నెల దినాలుగా నీలమే కదా వేస్తా ఉండాము,” అంటూనే ఆయన ఆగిపోయారు.

ఆయన చేతుల వైపు చూశాను. గోళ్ళ సందుల్లో కూడా నీలమే.

“ఉచ్చలో పడతా ఉండాది. వేడి చేసింటాదిలే. నొప్పేమీ లేదు,” అన్నారు తల వంచుకుని.

కోలారులో డాక్టరు గొట్టంతో కెమెరా పంపి మూత్రసంచి లోపల చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అప్పటికే సంచి కండలోకి దిగిందట. ఏళ్ళ తరబడి రంగుల్లో పనిచేసేవాళ్ళకు ఇది రావచ్చన్నారు.

“రక్తం ఎన్నాళ్ళుగా పడుతోందమ్మా?” అని డాక్టరు నన్నే అడిగారు.

రోజూ చూశాను, రోజూ కడిగేశాను.

వచ్చే వారం ఆపరేషన్. సంచి మొత్తం తీసేస్తారట. మీ ఇంట్లో రంగుల పనికి వెళ్ళేవాళ్ళుంటే, గచ్చు రుద్దే ముందు ఆరోజు ఏ రంగు వేశారో అడగండి.