తమ్ముడు దించని చెయ్యి

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలో నా అంత పగ పట్టే పిల్ల ఇంకొకతె లేదని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో బాధ ఉండేది, వినేటప్పుడు నాకు గర్వంగా ఉండేది. నా బొమ్మ కాలు విరిచినవాళ్ళు, జామకాయలో వాటా ఇవ్వనివాళ్ళు అందరూ నాకు గుర్తే. కానీ అవన్నీ పిల్లల తగాదాలు. అసలు పగ ఎలా ఉంటుందో ఒక క్రిస్మస్ ముందు, మా చర్చి ఆవరణలో ఫొటో తీసిన రోజున తెలిసింది.

మా తమ్ముడికి పోలియో వచ్చి ఒక కాలు చచ్చుపడింది. దానికి ఇనప పట్టీలు, తోలు బెల్టులు. గోడ పట్టుకుంటే నిలబడేవాడు, వదిలితే పక్కకి ఒరిగిపోయేవాడు. ఆ ఏడు సండే స్కూలు పిల్లలందరికీ గ్రూపు ఫొటో తీయిస్తారని తెలిసినప్పటి నుంచి ఇంట్లో తలుపు పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని నిలబడడం నేర్చుకున్నాడు. వెనక నేనుండి చొక్కా పట్టుకోవాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం.

ఫొటో పెత్తనమంతా మెయిలు డ్రైవరుగారి భార్యది. రైల్వే కాలనీలో మెయిలు బండి డ్రైవరంటే మాటలు కాదు. ఆయన నడిపేది ఇంజన్నే గానీ ఆవిడ కాలనీ మొత్తాన్ని నడిపేది. వరసలు సర్దుకుంటూ వచ్చి మా తమ్ముడి దగ్గర ఆగింది.

"ఈడు ఒరిగిపోతన్నాడు, వరస సెడిపోద్ది. ఆ మెట్ల మీద కూకోబెట్టండి" అంది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. తన చేతిసంచీ వాడి ఒళ్ళో పెట్టి, ఫొటో అయ్యేదాకా జాగ్రత్తగా పట్టుకోమని చెప్పి, తన కొడుకుని ముందువరస మధ్యలో నిలబెట్టుకుంది. మా నాన్న లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే ఖలాసీ. డ్రైవరుగారి భార్యని మా అమ్మ ఏమంటుంది? తల దించుకుంది. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందరూ నవ్వుతున్నారు, నేనొక్కదాన్నే పళ్ళు బిగించి పక్కకి చూస్తున్నాను.

ఇంటికొచ్చాక తమ్ముడు ఏడవలేదు. ఏడ్చినా నాకు కొంచెం చల్లారేదేమో. "సంచీ కింద పడనివ్వలేదు కదక్కా, ఆంటీ ఏటైనా అన్నదా?" అని అడిగాడు. వాడి మొహంలో మెప్పు కోసం ఎదురుచూపు కనిపించింది. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆవిడ చీరలు ఆరేసే తాడు కోసేసి, అన్నిటినీ మురిక్కాలవలో తొక్కాలని ఆ క్షణాన నిర్ణయించుకున్నాను. మా నాన్న గడ్డం గీసుకునే బ్లేడు కూడా తీసి దాచాను.

ఆ సంగతి నేను చెప్పుకున్నది పక్కింటి అక్క ఒక్కదానికే. వాళ్ళది శ్రీకాకుళం వైపు కుటుంబం. అక్క కాలేజీలో చదివేది, ముగ్గు వేయడం మొదలుపెడితే చుక్కలు కూడా పెట్టుకోకుండా వేసేది. వాళ్ళ నాన్న యార్డులో వ్యాగన్ల మీద సుద్దతో గుర్తులు పెట్టే పని చేసేవాడు. అరిగిపోయిన సుద్దముక్కలన్నీ అక్క డబ్బాలో చేరేవి. నా పథకమంతా ఆమె శ్రద్ధగా వింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"మురికి ఉతికితే పోద్ది కదే. ఉతికినా పోనిదేటైనా సూడాల" అంది. తర్వాత నా బ్లేడు తీసేసుకుంది.

క్రిస్మస్ సెలవుల్లో అక్క వాళ్ళ మావయ్య టాటానగర్ నుంచి వచ్చాడు. ఆయన దగ్గర కెమెరా ఉంది. రీలులో ఒక్క ఫొటోకి మాత్రం చోటు మిగిలిందని తెలిసి అక్క ఆ ఒక్కటీ తను తీస్తానని కెమెరా అడిగి తీసుకుంది. మా క్వార్టర్ల మధ్య సిమెంటు చేసిన పెద్ద వాకిలి ఉండేది. పొద్దున్నే దాన్ని మాచేత కడిగించింది. ఆరాక మోకాళ్ళ మీద కూర్చుని సుద్దముక్కలతో గీయడం మొదలుపెట్టింది. ఇంజను వచ్చింది, పొగ వచ్చింది, వెనక కిటికీలతో పెట్టెలు వచ్చాయి. పిల్లలందరూ ఆ గీతల్లో పడుకుంటే, మేడ మీద వరండాలోంచి కిందికి ఫొటో తీస్తుందట. నేల మీద పడుకున్నవాళ్ళు ఫొటోలో నిలబడినట్టు కనిపిస్తారట. ఆ మాట వినగానే నేను తమ్ముడి వంక చూశాను. వాడికి నాకంటే ముందే అర్థమైంది, అప్పటికే కాలి బెల్టులు విప్పుకుంటున్నాడు.

బొమ్మలో ఏమవుతావని అక్క వాడిని అడిగింది. డ్రైవరునంటాడని అనుకున్నాను. వాడు సిగ్నల్నవుతానన్నాడు. మా కిటికీలోంచి రోజంతా వాడు చూసేది అదే. ఎంత పెద్ద మెయిలైనా స్తంభం మీద ఆ చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాల్సిందే, కిందికి దిగితేనే కదలాలి. అక్క వాడిని ఇంజను ముందు పడుకోబెట్టి, కాళ్ళకి అటూ ఇటూ రెండు పొడుగు గీతలు గీసింది. కాళ్ళు స్తంభంలో కలిసిపోయాయి. కుడిచెయ్యి అడ్డంగా చాపమంది.

సరిగ్గా అప్పుడే డ్రైవరుగారి కొడుకు వచ్చాడు. తనని కూడా పడుకోనివ్వమన్నాడు. ఇంకేం కావాలి నాకు? బకెట్లో తడిగోనె ఉంది, వాడు ఒక్క గీత తొక్కినా వాడి మొహానే కొడదామని చేతిలోకి తీసుకున్నాను. నీకిక్కడ చోటు లేదు, మెట్ల మీద కూర్చుని మా చెప్పులు పట్టుకోమని కాలనీ అంతా వినేలా చెప్పాను. అంత తీపి మాట నా నోటి నుంచి అంతకుముందు ఎన్నడూ రాలేదు.

అక్క మాత్రం వాడిని లోపలికి రమ్మంది. వాడు దర్జాగా, తన తండ్రి మెయిలు డ్రైవరు కాబట్టి తాను డ్రైవరే అవుతానన్నాడు. "ఠీక్ హై బాబూ, నీది ఇంజనే" అని అక్క వాడిని కిటికీ గీతల మధ్య పడుకోబెట్టి, తలకి టోపీ కూడా గీసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క కూడా వాళ్ళ పక్షమే అనుకున్నాను.

గోనె నా చేతిలోంచి లాక్కుంటూ ఆమె నా చెవి దగ్గర వంగింది. "తరిమేస్తే ఆల్లమ్మ సాయంత్రానికి మర్సిపోద్దే. ఫొటోలో ఉన్నాడనుకో, తన గోడకి తనే మేకు కొట్టుకుంటాది. నువ్వు తమ్ముడి సెయ్యి సూసుకో. నేను తీసేదాకా దిగకూడదు."

అప్పుడు చూశాను నేను బొమ్మని. ఇంజను సిగ్నల్ ముందు నిలబడి ఉంది. లోపల డ్రైవరుగారి కొడుకు పళ్ళికిలిస్తున్నాడు. పడుకున్నవాడికి బొమ్మ కనిపించదు కదా.

అక్క మేడెక్కింది. ఎండ వాకిట్లోంచి తప్పుకునేదాకా ఆగాలంది, లేకపోతే అందరూ కళ్ళు చికిలిస్తారట. పిల్లలు కదిలారు, ఒకడు తుమ్మాడు, మళ్ళీ అందరినీ సర్దింది. తమ్ముడి చెయ్యి వణకడం మొదలైంది. మిగిలింది ఒక్కటే ఫొటో, అది పోతే ఇంక లేదు. నేను గీత అవతల గొంతుక్కూర్చుని, దించకు నాన్నా, దించకు అని అంటూనే ఉన్నాను. వాడు పెదవి కొరుక్కున్నాడు గానీ చెయ్యి దించలేదు. పైనుంచి అక్క అయిపోయిందనేదాకా అలాగే ఉన్నాడు.

కాపీలు వచ్చాక ఒకటి నేనే రెండు చేతులతో పట్టుకెళ్ళి డ్రైవరుగారి భార్యకిచ్చాను. కొడుకు ఇంజన్లో ఉన్నాడని ఆవిడ మురిసిపోయి, ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకుంది. డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చేసరికి నేను కావాలనే పంచదార అప్పుకి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. ఆయన టోపీ తీసి, ఫొటో చూసి, ఇంకాస్త దగ్గరగా వెళ్ళి చూశారు.

"ఏటే, మనోడు సిగ్నల్ కాడ ఆగిపోనాడు. ఆ ఖలాసీ కొడుకు సెయ్యి దించితేగాని ఈ బండి కదల్దు" అని కడుపుబ్బ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. ఫొటో వంక, నా వంక చూసింది. నేను గిన్నె ముందుకు చాపాను. మర్నాడు ఆవిడ ఫొటో తీసేయబోతే కొడుకు అన్నం మానేశాడట, మళ్ళీ పెట్టింది. ఇంటికి వచ్చే డ్రైవర్లు, గార్డులు ఒక్కొక్కరే అది చూసి నవ్వేవారు. తర్వాతి ఏడాదంతా మా ఇంట్లో పంచదార తరచుగా అయిపోయేది.

తమ్ముడు అదేదీ మనసులో పెట్టుకోలేదు. ఆ డ్రైవరుగారి అబ్బాయి ఇప్పుడు రిటైరయ్యాడు, రోజూ టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి ఈ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో ఉన్న మా ఇంటికి వస్తాడు. తమ్ముడూ వాడూ క్యారమ్స్ ఆడతారు. వాడికి టీ నేనే పెడతాను, రెండు బిస్కెట్లు ఎక్కువే వేస్తాను. నన్ను నొప్పించినవాళ్ళకి తలుపు మూయడం ఆ రోజుతో మానేశాను. పిలుస్తాను, మంచి చోట కూర్చోబెడతాను. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం నేనే నిర్ణయిస్తాను.

డ్రైవరుగారి భార్య కూడా ముసలితనంలో మా ఇంటి ప్రార్థన కూటాలకి వచ్చేది. ఆ సిగ్నల్ ఫొటో మా కాపీ తగిలించిన గోడకి ఎదురుగా ఆవిడకి మెత్తటి కుర్చీ వేసేదాన్ని. ఆవిడ ప్రతిసారీ అందులోనే కూర్చునేది, కుర్చీ మార్చమని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ పోయిన రోజు నేను నిజంగానే ఏడ్చాను. సమాధి దగ్గర్నుంచి వస్తూ, ఇప్పటికైనా క్షమించావా అక్కా అని తమ్ముడు అడిగాడు. లేదనే చెప్పాను.