బోడసకుర్రు వంతెన మీద థర్డ్ గేరు

గంగబాబు చాలా ఏళ్ళు అంతర్వేదిలో బోటు నడిపేడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడ్డానికొచ్చే యాత్రికుల్ని ఎక్కించుకుని తిప్పేవాడు. మోకాళ్ళు అరిగిపోయి బోటు ఎక్కడం, దిగడం కష్టమయ్యేక, దాన్ని తమ్ముడి కొడుకు అయ్యప్పకి అప్పగించేసి, చేతులు మారిన చిన్న కారొకటి కొనుక్కున్నాడు. ఎనిమిది వందల సీసీ ఇంజిను. గుడికొచ్చిన వాళ్ళని అప్పనపల్లి దాకా తీసుకెళ్ళి తీసుకురావడం, ఊళ్ళో ఎవరికైనా అవసరమైతే అమలాపురం వెళ్ళడం. అలా నెమ్మదిగా రోజులు వెళ్ళిపోతాయనుకున్నాడు.

ఆ ఏడే అతని భార్య సత్యవాణికి కిడ్నీలు పాడయ్యేయి. వారానికి రెండుసార్లు అమలాపురం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలన్నారు డాక్టర్లు. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషిని కొబ్బరి నీళ్ళు కూడా తాగొద్దన్నారు. ఆవిడ అన్నిటికీ "ఆయ్" అని తలూపి వచ్చేసింది. ఇంటికొచ్చేక కూడా దాని గురించి పెద్దగా మాట్లాడలేదు.

అప్పట్నుంచి ఆ కారు బతుకంతా అమలాపురం రోడ్డే అయిపోయింది. దారిలో నగరం అనే ఊళ్ళో లక్ష్మీతులసి గారు ఎక్కేవారు. ఆవిడది వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆవిడకీ అదే జబ్బు, అదే ఆసుపత్రి. తోడుగా వాళ్ళ కోడలు వెంకటదుర్గ వచ్చేది. నలుగురు మనుషులు, దుప్పట్లు, అన్నం క్యారేజీలు, ఎండాకాలమైతే ఏసీ. పాశర్లపూడి దాటి బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి కారుకి ఆయాసం వచ్చేసేది. థర్డ్ గేరు లాగేది కాదు. సెకండుకి దింపితే గోలగా అరుస్తూ పాక్కుంటూ ఎక్కేది. వెనక లారీ వాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. గంగబాబు ఏసీ ఆపేసేవాడు. వెనక సీట్లో ఇద్దరికీ చెమటలు పోసేవి.

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. మిషను మీంచి లేచేక సత్యవాణికి ఒంట్లో సత్తువ ఉండేది కాదు. కాళ్ళు పట్టేసేవి, కడుపులో తిప్పేది. కళ్ళు మూసుకుని సీటుకి జారబడి, "ఇంకా ఎంతసేపండీ" అని అడిగేది.

"ఇదిగో, మామిడికుదురు వచ్చేసేం. నగరంలో వదినగారు దిగిపోతే ఇంక మనమే" అనేవాడు.

కాసేపటికి మళ్ళీ అడిగేది. ఆ మాట అతని మనసులో ఉండిపోయింది. బోటులో ఉన్నప్పుడు పోటుకి ఎదురెళ్ళాల్సి వస్తే పెద్ద ఇంజిను వేసుకున్న వాళ్ళు ముందు ఒడ్డుకి చేరేవాళ్ళు. తన చేతిలో ఉన్నదల్లా ఇదొక్కటే అనిపించింది. దారి తగ్గించలేడు, జబ్బు తగ్గించలేడు. కారుకి కాస్త బలం ఇవ్వచ్చు కదా.

రాజోల్లో శివాజీ అని ఓ మెకానిక్కు ఉన్నాడు. కుర్రాళ్ళ కార్లకి చప్పుళ్ళూ సోకులూ చేసిపెట్టడంలో పేరు. గంగబాబుని బాబాయ్ అంటాడు. విషయం విని, బానెట్ ఎత్తి చూసి, మొహమాటం లేకుండానే చెప్పేడు.

"చిన్న ఇంజిను బాబాయ్. దీంట్లోంచి మనం పిండుకునేది కొంచెమే. ఆ కొంచెం కావాలంటే చేద్దాం."

"ఆ వంతెన ఎక్కితే చాలబ్బాయ్."

ముందు గాలి బాగా పీల్చుకుంటుందని కొత్త రకం ఎయిర్ ఫిల్టరు పెట్టేడు. తర్వాత పొగ ఎక్కడా అడ్డం లేకుండా పోవడానికి లావుపాటి సైలెన్సరు బిగించేడు. భీమవరం నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఒకతను వచ్చి, స్టీరింగ్ కింద వైరు గుచ్చి, ఇంజిను కంప్యూటర్లో లెక్కలు మార్చి వెళ్ళేడు. దాన్ని మ్యాపింగ్ అంటారట. అదయ్యేక, వేగం పెరిగింది గనక బండి రోడ్డుని పట్టుకుని ఉండాలని వెడల్పు టైర్లు, గట్టి స్ప్రింగులు వేయించమన్నాడు శివాజీ. గంగబాబు వేయించేడు. ఒక పని ఇంకో పనిని అడుగుతూనే ఉంది. అతనికీ అందులో ఏదో తెరిపి దొరికింది. సైలెన్సరు గురించి ఆలోచిస్తున్నంతసేపూ వేరే ఆలోచన రాదు.

ఆ వారం వంతెన మీద థర్డ్ గేరులో, ఏసీ ఆపకుండా, ఒక లారీని దాటుకుని మరీ వెళ్ళేడు. పైకి చేరేక అద్దంలోంచి వెనక్కి చూసేడు. సత్యవాణి కిటికీకి తల ఆన్చి ఉంది. లక్ష్మీతులసి గారు ముందు సీటుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు.

"చూసేవా" అన్నాడు.

సత్యవాణికి వినపడలేదో ఏమో, పలకలేదు.

కారు వేగంలో లాగేది గానీ నెమ్మది మీద లాగడం మానేసింది. మార్కెట్టు రద్దీలో నెమ్మదిగా పోనిస్తే తుళ్ళి తుళ్ళి ఆగిపోయేది. అందుకని ఎప్పుడూ ఎక్సలేటరు నొక్కి ఉంచాల్సొచ్చేది. నొక్కితే మోత. ఆసుపత్రి గేటు దగ్గరకి రాగానే వాచ్‌మన్ చెవి మీద చెయ్యి పెట్టుకుని నవ్వేవాడు. గంగబాబు కూడా నవ్వేవాడు. ఇంటికెళ్ళేసరికి మాత్రం తల పగిలిపోయేది.

కొన్నాళ్ళకి లక్ష్మీతులసి గారు ఫోన్ చేసేరు.

"గంగబాబు గారూ, ఏమీ అనుకోకండి. ఇక నుంచి మేం బస్సులో వెళ్దామనుకుంటున్నామండి."

"అదేంటండీ వదినగారూ, బస్సులో మీరెలా కూర్చుంటారండీ?"

"కోడలు ఉంది కదండీ. అలవాటైపోద్ది లెండి." ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నారు. "సత్యవాణి వదినగారిని అడిగేనని చెప్పండి."

గంగబాబుకి అర్థం కాలేదు. ఆ రోజంతా తనవల్ల ఏం పొరపాటు జరిగిందా అని వెతుక్కున్నాడు. భార్యని అడిగితే, "వాళ్ళిష్టం లెండి" అని పక్కకి తిరిగి పడుకుంది.

ఆ తర్వాతి వారమే అది జరిగింది. మధ్యాహ్నం డయాలసిస్ అయ్యేక బయల్దేరేరు. మామిడికుదురు దాటేక ఒక స్పీడు బ్రేకరు కనపడక దాని మీంచి అలాగే పోనిచ్చేసేడు. గట్టి స్ప్రింగులు కదా, కారు మొత్తం ఒక్కసారి ఎగిరిపడింది. సత్యవాణి మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. సూదులు గుచ్చిన చెయ్యి అది. ఆవిడ అరవలేదు. కొంతదూరం పోయేక, "కారాపండి" అని గట్టిగా, మోతని మించేలా అంది. వెనక్కి తిరిగి చూస్తే కట్టు తడిసిపోయి చీర మీదకి రక్తం కారుతోంది.

గంగబాబు కారు పక్కకి తీసి వెనక తలుపు తెరిచి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి కింద కూలబడ్డాడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆసుపత్రిలో నర్సు జాయ్ మొదట్లోనే చూపించింది. కొత్త గుడ్డ మడిచి, కారుతున్న చోట రెండు వేళ్ళతో నొక్కిపట్టేడు. కదపకుండా, చూద్దామని తియ్యకుండా. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఒకరిద్దరు ఆగి అడిగేరు. ఫర్వాలేదండి అన్నాడు. ఇంజిను ఆపేయడంతో కాలవ పక్కన గాలికి కొబ్బరాకులు కదులుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఆగినట్టుందండీ" అంది సత్యవాణి కాసేపటికి.

"ఇంకాసేపు పట్టుకోనీ."

ఆవిడ అతని నెత్తి మీద నెరిసిన జుట్టు చూస్తూ అంది. "ఇదివరకు మీరు దారంతా చెప్పేవారు. ఇదిగో పాశర్లపూడి, ఇదిగో తాటిపాక అని. కళ్ళు మూసుకున్నా ఎక్కడున్నానో తెలిసేది. ఇప్పుడు మీరేం చెప్పినా వినపడదు."

"ఎంతసేపు, ఎంతసేపు అని నువ్వే కదా అడిగేదానివి."

"తొందరగా పోనివ్వమని అడిగేననుకున్నారా?"

అతను గుడ్డ మీద వేళ్ళు అలాగే నొక్కి ఉంచేడు.

"నాకు ఓపిక ఉండదు మాట్లాడ్డానికి. ఒక్క ముక్క అడిగితే మీరు నాలుగు చెబుతారని అడిగేదాన్ని. వదినగారు కూడా ఆ కుదుపులకి వాంతులు చేసుకుని, మీకు బాధగా ఉంటుందని చెప్పలేక బస్సెక్కేసేరు."

"నువ్వన్నా చెప్పచ్చు కదా."

"ఎలా చెప్పమంటారు? మొహంలో ఎన్నాళ్ళకో కాస్త సంబరం కనపడింది."

రక్తం పూర్తిగా ఆగేక ఫస్టు గేరు, సెకండు గేరుల్లో, కారు తుళ్ళుతూ ఆగుతూ ఇల్లు చేరేరు. ఆ సాయంత్రం గంగబాబు అన్నం తినలేదు. ఆవిడా తినమనలేదు. ఇద్దరికీ ఓపిక లేదు.

మర్నాడు శివాజీ దగ్గరకెళ్ళి అన్నీ తీసేయమన్నాడు.

శివాజీ చెయ్యి తుడుచుకుంటూ నిలబడిపోయేడు. "అదేంటి బాబాయ్, నా పని చూస్తామన్న వాళ్ళందరికీ మీ కారే చూపిస్తున్నాను."

"నీ పని బాగానే ఉందబ్బాయ్. నాకు కావాల్సింది ఇది కాదు. అడగడం నాకు తెలియలేదు."

జరిగింది విన్నాక శివాజీ పనిలోకి దిగేడు. పాత స్ప్రింగులు షెడ్డు మూల తుప్పు పట్టి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి మెత్తనివి కొత్తవి తెప్పించేడు. పాత సైలెన్సరు ఎప్పుడో తుక్కులోకి పోయింది. అలాంటిదే ఇంకోటి దొరకడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లో అయ్యప్ప ఎవరిదో ఆటో మాట్లాడి పెడితే అందులో వెళ్ళొచ్చేరు. భీమవరం అతను రేపు, ఎల్లుండి అంటూ ఆఖరికి వచ్చి పాత లెక్కలు పెట్టేడు. పెట్టించడానికి తిరిగినదానికంటే తీయించడానికి తిరిగిందే ఎక్కువ. వెనక సీటు అడుగున శివాజీ తనంతట తానే దళసరి స్పాంజి వేయించి, తలుపుకి లోపలి వైపు మెత్తటి దిండులాంటిది కుట్టించేడు.

కారు మళ్ళీ మునుపటిలాగే అయిపోయింది. గంగబాబు నగరంలో ఆగి లక్ష్మీతులసి గారి ఇంటికెళ్ళి, "ఒకసారి కూర్చుని చూడండి వదినగారూ" అన్నాడు. ఆవిడ వచ్చేరు. బస్సులో నిలబడి నిలబడి బాగా నలిగిపోయేరు. ఆ వర్షాకాలం చివరిదాకా వచ్చి, తర్వాత కూతురి దగ్గర ఉంటానని కాకినాడ వెళ్ళిపోయేరు. వెంకటదుర్గ అప్పుడప్పుడు ఫోన్ చేసి ఆవిడ ఎలా ఉన్నారో చెబుతుంది. బాగున్నారని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు కారులో ఇద్దరే. సత్యవాణి బాగా చిక్కిపోయింది. ఇదివరకు గంగబాబు ఆ మిషన్ల గదిలో కూర్చోలేక, ట్యూబుల్లో తిరిగే రక్తం చూడలేక, బయట కారు దగ్గర ఏదో ఒకటి తుడుస్తూ, బిగిస్తూ గడిపేసేవాడు. ఇప్పుడు లోపలే, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆవిడ సూది లేని చెయ్యి దుప్పటి మీంచి ఇవతలికి పెడుతుంది. అతను పట్టుకుంటాడు. ఎక్కువసార్లు ముందు అతనికే నిద్ర పట్టేస్తుంది.

"బాబాయ్ గారూ, అయిపోయిందండి" అని జాయ్ భుజం తట్టి లేపుతుంది.

ఆయ్ అంటూ లేచి, మోకాళ్ళు కాసేపు రుద్దుకుని, చెప్పులు వెతుక్కుంటాడు.