మిద్దె మీది డిష్షు

మొన్న మా కోడలు, మిరపకాయలు ఆరబోయడానికి చోటు చాలడం లేదని, మిద్దె మీద తుప్పుపట్టి పడివున్న డిష్షును తీసెయ్యమంది. కాదనడానికి నాకు కారణమేదీ దొరకలేదు. మోకాళ్ళు వద్దంటున్నా పానా పట్టుకుని మెట్లెక్కాను.

మన ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు, తెలంగాణ వచ్చిన కొత్తలో మా కట్టంగూరులో డిష్షు లేని మిద్దె అరుదు. మాది అన్నా నేనూ కలిసి ఉన్నప్పుడు పెట్టించింది. తర్వాత పొలం పంచుకునేటప్పుడు గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, ఇంటి నడుమ గోడ లేచి, పలకరింపులు కూడా ఆగిపోయాయి. డిష్షును పంచడం మాత్రం పెద్దమనుషుల వల్ల కూడా కాలేదు. అది నా మిద్దె మీదే ఉండి, రెండిళ్ళ టీవీలకూ బొమ్మలిచ్చేది.

ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే అది పక్కకు తిరిగేది, బొమ్మ పోయేది. ఎక్కి తిప్పడం నా పని. మా టీవీ లోపలి గదిలో ఉండేది కాబట్టి అక్కడి కేక పైకి వినిపించదు. అన్న టీవీ వసారాలో. అందుకని బొమ్మ వచ్చిందా అని నేను గాలిలోకి అడిగితే, గోడ అవతలి నుంచి ఆయన గొంతే పలికేది.

"రాలే... జర ఎడమకు తిప్పు... గంతే, గంతే, ఆగు! వచ్చింది. పైలంగ దిగు."

తిప్పమనడం, జాగ్రత్తగా దిగమనడం, ఏళ్ళ తరబడి మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే. అందుకే, ఇంట్లో అందరూ సీరియల్ పోయిందని తిట్టుకుంటుంటే, గాలి లేచినప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

తర్వాత పిల్లలు రెండిళ్ళలోనూ వైఫై పెట్టించుకున్నారు. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది. ఎంత గాలి వీచినా బొమ్మ కదలదు, ఎవరూ మిద్దె ఎక్కనక్కర లేదు. మంచిదేనని నేనూ అంటాను, కానీ ఆ మంచితోనే విసిగిపోయాను.

మొన్న నట్లు విప్పే చప్పుడు విని అన్న వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఏదైనా అడుగుదామని నోరు తెరిచాను గానీ, తీగే లేని డిష్షు గురించి ఏమడగను? ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

డిష్షు భుజాన పెట్టుకుని మెట్ల దగ్గర చాలాసేపు ఆగాను. ఆ మాట వినకుండా దిగడం నాకెప్పుడూ అలవాటు లేదు. గోడ పట్టుకుని, నాకు నేనే పైలం చెప్పుకుంటూ దిగాను.