హజ్‌కు పోయేటప్పుడు వేసిన సూది

ఆ రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజుకు అమ్మీ లేవలేదు. రోజూ నన్ను లేపేది ఆమే. పోయి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "ఒళ్లంత ఇరగ్గొట్టినట్టున్నది బేటీ" అంది.

మా మొఘల్‌పురా బస్తీలో అప్పటికే ఇంటింటా దగ్గు. ఫ్లూ ఏమో అన్నాను.

"నాకెందుకొస్తది? హజ్‌కు పోయేటప్పుడు ఫ్లూ సూది ఏసిన్రు గదా!" అని కసిరింది.

నిజమే, అక్కడ అంతమంది జనంలో తిరిగి తుమ్మైనా లేకుండా వచ్చిన మనిషి. రెండేళ్లు దాటినా ఆ సూది మీద మా ఇద్దరికీ గట్టి నమ్మకం. జోషాందా కషాయం కాచి ఇస్తూ కూర్చున్నాను.

తర్వాత మాట మధ్యలో ఆయాసం మొదలైంది. అసలే షుగర్ మనిషి. ఆస్పత్రికి తీసుకెళ్తే వేలికి క్లిప్పు పెట్టి, "రక్తంలో ఆక్సిజన్ తక్కువుంది, అడ్మిట్ చెయ్యాలె" అన్నారు. ముక్కులోంచి స్వాబ్ తీశారు, ఎక్స్‌రే తీశారు. ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూనే, దాని మీద న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టి యాంటీవైరల్ మొదలుపెట్టారు. కాస్త తేరుకుందనుకున్న రోజే ఆయాసం మళ్లీ పెరిగి ఐసీయూకి మార్చారు. అమ్మీ ఇక నాకు దక్కదనే అనుకున్నాను.

"హజ్‌కు పోయేటప్పుడు సూది ఏసుకున్నది గదా మేడమ్, గిట్లెందుకైంది?" అని డాక్టరమ్మను అడిగాను.

"అది ఆ ఏటిదమ్మా. ఈ వైరస్ ఏటేటా వేషం మారుస్తది. టీకా బలం గూడ నెలలు గడిస్తె తగ్గుతది. అందుకే ఏటా ఏసుకోవాలె."

ఏ దేశంలో ఏ రకం తిరుగుతోందో కనిపెట్టి, రాబోయేది ఏదో అంచనా కట్టి, శాస్త్రవేత్తలు టీకాను ఎప్పటికప్పుడు మారుస్తారట. నోరు తెరుచుకుని విన్నాను. ఇన్నేళ్లుగా మనకోసం ఇంత కాపలా కాస్తున్నారా అనిపించింది.

అమ్మీ ఐసీయూ నుంచి బయటికొచ్చాక ఇదంతా ఆమెకు చెప్పాను. పైకి చూసింది. "సుబ్హానల్లా! కంటికి కనపడనిదానికి గింత అకల్, గింత తెలివి ఇచ్చిండు. దాని ఎంటపడేటోళ్లకు ఇంకెంత ఇచ్చిండో!"

ఇప్పుడు ఏటా డాక్టరమ్మ చెప్పినప్పుడు ఇద్దరం వేయించుకుంటున్నాం. చెయ్యి కాస్త నొప్పి, అంతే. వేసుకుంటే ఫ్లూ రానే రాదని కాదు. మొన్న ఇద్దరికీ వచ్చింది. కానీ ఈసారి అమ్మీకి ఆయాసం లేదు, ఆస్పత్రి లేదు. నాకంటే ముందే లేచి ఖిచిడీ వండి తెచ్చింది. గిన్నె పట్టుకుని ఏడ్చేశాను.

"ఏంది, ఉప్పెక్కువైందా?" అంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే డాక్టర్‌ను అడిగి టీకా వేయించండి. ఎప్పుడో వేసుకున్నామని వాళ్లంటే, ఏ ఏడు అని అడగండి.