హార్డ్ డిస్కు కనబడలేదు

ఆ రోజుల్లో మార్కాపురం మొత్తానికి కంప్యూటర్ హార్డ్‌వేర్ నేర్చుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నేనని నా గట్టి నమ్మకం. (ఇంకో ఇద్దరు ఉన్నారని తర్వాత తెలిసింది గానీ అప్పటికే నా గర్వం ముదిరిపోయింది.) మూడు నెలల కోర్సు అయిందో లేదో, స్క్రూడ్రైవరు పిడి బయటికి కనబడేటట్టు సంచిలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. అదేందమ్మా అని కండక్టరైనా అడగకపోతాడా అని ఆశ. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ వయసులో మనకు వచ్చిన నాలుగు ముక్కలే లోకంలో ఉన్న చదువంతా అనిపిస్తుంది. ఇప్పుడు ఇరవై ఏళ్ళ పిల్లలు నా ఎదుట కూర్చుని అదే ధీమాతో మాట్లాడుతుంటే నాకు కోపం రాదు, కొంచెం భయం వేస్తుంది.

నేర్పిన సారు దగ్గరే పనికి కుదిరాను. ఆయనది చాలా పొదుపైన వైద్యం. కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా మూడే మందులు. మొదటిది, ర్యామ్ ముక్కను ఊడబీకి దాని పసుపు అంచును పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం. రెండోది, లోపలుండే బిళ్ళ బ్యాటరీ మార్చడం. ఈ రెండింటికీ లొంగకపోతే మూడోది, ఫార్మాట్ కొట్టడం. అంటే ఉన్నదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించడం. "లోపల మావి ఉంటాయి గదా సార్" అని ఎవరైనా గొణిగితే "మీవన్నీ డి లో ఉంటాయిలే" అనేవాడు. కంప్యూటర్ లోపలి జాగాను సి, డి అని రెండు గదులుగా పంచుతారు. తుడిచేది సి గదినే, డి గది జోలికి పోము. మనుషులు తమకు కావలసినవి బుద్ధిగా డి లోనే దాచుకుంటారని సారు నమ్మకం. ఆ నమ్మకం నాకూ అంటుకుంది.

ఒక ఏడు ఈస్టర్ ముందు శనివారం పొద్దున్నే ఊరి నుంచి నాయన ఫోన్ చేశాడు. మా ఊరు వెలిగండ్ల వైపు, రెండు బస్సులు మారి పైన కాస్త నడవాలి. "చర్చి కంప్యూటర్ లేస్తా లేదంట. పాస్టరు అయ్యగారు నిన్ను రమ్మంటున్నాడు. బయటి వాళ్ళకంటే మన పిల్ల అయితే జాగ్రత్తగా చూస్తాదని అన్నాడు" అన్నాడు నాయన. ఫోన్ పెట్టేసే ముందు, "మీ పిన్నమ్మ తెల్లారిన కాడ నుంచీ చర్చి గడపలోనే కూర్చోనుంది" అన్నాడు. దారి పొడుగునా పిన్నమ్మ గురించే ఆలోచించానని రాయాలని ఉంది గానీ నిజం చెప్పాలి. పదిమందీ చూస్తుండగా స్క్రూడ్రైవరు ఎట్లా బయటికి తీస్తే బాగుంటుందా అని ఆలోచించాను.

పిన్నమ్మ సంగతి చెప్పకపోతే ఇదంతా మీకు అర్థం కాదు. మా బాబాయీ ఆమే ఏటా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోయేవాళ్ళు. ఆ నెలల్లో మా ఇంటితో సహా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే. ఒక ఏడు నాలుగేళ్ళ కూతురు చిట్టిని మా అవ్వ దగ్గర వదిలి వెళ్ళారు. బిడ్డకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. కబురు అంది, దొరికిన లారీ పట్టుకుని వాళ్ళు వచ్చేసరికి పూడ్చిపెట్టి ఒక రోజు దాటింది. అవ్వ పిన్నమ్మ చెయ్యి పట్టుకుని సమాధుల తోటకు తీసుకుపోయింది గానీ, అప్పటికే అవ్వకు కళ్ళలో పొరలు. అక్కడ పక్కపక్కనే రెండు చిన్న మట్టిగుట్టలు ఉన్నాయి, రెండూ ఆ వారంలోవే. అవ్వ తడుముకుంటూ ఒకదాని మీద చెయ్యి వేసింది. అప్పటి నుంచి తొమ్మిదేళ్ళుగా పిన్నమ్మ ఆ గుట్ట మీదే పూలు పెడుతూ వచ్చింది. పెట్టిన ప్రతిసారీ తల తిప్పి రెండో గుట్ట వైపు ఒకసారి చూసేది. నేను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, ఎందుకని ఎన్నడూ అడగలేదు.

అవ్వ పోయింది. గుంత తవ్విన పెద్దాయనా పోయాడు. మిగిలిన సాక్ష్యం ఒక్కటే. పాతయ్యగారు, అంటే ఇప్పటి పాస్టరు గారికి ముందున్నాయన, ఎవరో చర్చికి ఇచ్చిన పాత కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ వరసలో ఎవరిని పెట్టారో చెదలు తిన్న రిజిస్టరు చూసి కొంత, తన జ్ఞాపకం నుంచి కొంత, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక పట్టీ కొట్టి ఉంచాడు. తర్వాత ఆ రిజిస్టరు వానకు తడిసి ముద్దయిపోయింది, ఆయనా కన్నుమూశాడు. (ప్రింటు తీసి పెట్టుకోలేదా అని అడగకండి. చర్చికి ప్రింటరు లేదు.) పట్టీలో చూడమని పిన్నమ్మ అన్నేళ్ళూ ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం అనుకుంటాను. ఆ ఏడు మాత్రం తప్పలేదు. వానలకు గుట్టలు చదునైపోతున్నాయని, ఈస్టర్ నాటికి ప్రతి సమాధి దగ్గరా పేరు రాసిన పలకరాయి నిలబెట్టాలని చర్చి సంఘం తీర్మానించింది. మార్కాపురం గనుల్లో పనిచేసే మావాళ్ళు పలకలకు పనికిరాని రాతిముక్కలు ఒక ట్రాక్టరు నిండా తెచ్చి పోశారు. పూలంటే ఎక్కడ పెట్టినా వాడిపోతాయి. పేరు రాసిన రాయిని ఉజ్జాయింపుగా పాతలేరు గదా.

నేను పోయేసరికి చర్చి పక్క గదిలో అయ్యగారు, నాయన, పిన్నమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు ఉన్నారు. వందనాలు చెప్పి స్విచ్చి వేశాను. నల్లటి తెర మీద ఒక తెల్లటి ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడిపోయింది. దాన్ని చదవకుండానే డాక్టరులాగా తలాడించాను. సండే స్కూలు పెట్టెలోంచి రబ్బరు తెప్పించి, సీపీయూ డబ్బా మూత తీసి ర్యామ్ రుద్దాను. బ్యాటరీ మార్చాను. లోపల దుమ్ము రవ్వంత లేదు. అంత శుభ్రమైన డబ్బాను మా సెంటరులో కూడా చూసి ఎరగను. అయినా నాకు అనుమానం రాలేదు. స్విచ్చి వేస్తే మళ్ళీ అదే వాక్యం.

"ఫార్మాట్ కొట్టాలి అయ్యగారూ" అన్నాను.

"కొడితే మరి లోపలుండే పట్టీ?"

"అది డి లో ఉంటుంది. దానికేమీ కాదు."

గడపలోంచి పిన్నమ్మ, "ఏమీ కాదు గదా బిడ్డా?" అంది.

"ఏమీ కాదు పిన్నమ్మా" అన్నాను. ఆమె వైపు చూసి అనలేదు, సంచిలో సీడీ వెతుక్కుంటూ అన్నాను.

సీడీ పెట్టగానే నీలం తెర వచ్చింది. విండోస్ ఎక్కించాలంటే ఎంటర్ నొక్కమంది, నొక్కాను. ఆ తర్వాత సి గదిని తుడవడానికి డి అక్షరం నొక్కాలి. వేలు దాని మీద సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. గదుల పట్టిక రావలసిన చోట ఏవో నాలుగు వరసలు వచ్చి ఆగిపోయాయి. సీడీకి గీతలు పడ్డాయన్నాను. రెండో సీడీ పెట్టాను, వేలు మళ్ళీ డి మీద. అవే నాలుగు వరసలు. మూడో సీడీని చీర చెంగుతో తుడిచి ఇవ్వమని ఒక అత్తను అడిగాను. ఆమె ప్రభురాత్రి భోజనపు గిన్నెను తుడిచినంత భక్తిగా తుడిచి ఇచ్చింది. మళ్ళీ అంతే. ఈ డబ్బాకు ఆయుష్షు తీరిందని చెప్పి లేచిపోదామా అనుకుంటుండగా అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగి, ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివాడు.

"అమ్మా, ఇది ఏందో చెప్తా ఉంది. హార్డ్ డిస్కు కనబడలేదు అంటోంది. హార్డ్ డిస్కు అంటే ఏంది?"

"అన్నీ దాచిపెట్టుకునేది అయ్యగారూ."

"అదే కనబడకపోతే నువ్వు ఇంతసేపూ దేన్ని తుడస్తా ఉన్నావు?"

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ మూత తీసి, సారు నేర్పని పని చేశాను. ఒక్కో వైరును కొస దాకా చేత్తో పట్టుకుని చూశాను. హార్డ్ డిస్కుకు పోయే వైరు దాని మూతికి ఆనుకుని ఉంది గానీ లోపలికి దిగలేదు. దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను.

గడపలోంచి పిన్నమ్మ లేచి నిలబడింది. "నేనే బిడ్డా" అంది.

పండగకు ముందు స్త్రీల సమాజం వాళ్ళు చర్చి అంతా దులిపి కడగడం మా ఊళ్ళో ఆనవాయితీ. ఒకరు బెంచీలు, ఒకరు కిటికీలు, ఒకరు బూజు అని పంచుకుంటారు. పిన్నమ్మ ఆ ఏడు కంప్యూటర్‌ను అడిగి తీసుకుందట. "చిట్టి పేరు ఆ డబ్బాలో రాసినానని పాతయ్యగారు ఒకనాడు చెప్పినాడు. పై వరకు తుడిచి వదిలేద్దామనుకున్నా. మూత సందులో నుంచి చూస్తే లోపలంతా దుమ్ము. బిడ్డ పేరు దుమ్ములో ఎట్ల ఉంచేది? కూరగాయల కత్తి మొనతో మరలు ఇప్పి, పాత పంచె గుడ్డతో వైరు వైరూ తుడిచినా. అన్నీ ఎట్లుండేవి అట్లనే పెట్టినా అనుకున్నా" అంది. అని రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. అంతకు ముందు మూడు సీడీలు మార్చిన నేను ఆమెను తప్పు పట్టే స్థితిలో లేను.

వైరును నొక్కితే టక్కున దిగింది. కంప్యూటర్ లేచి పాట పాడింది. అయ్యగారు స్తోత్రం అన్నాడు. నేను మళ్ళీ నిపుణురాలినై, పట్టీ ఇదిగో అంటూ డి తెరిచాను. డి ఖాళీ. ఒక్క కాగితం లేదు. మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తే, పట్టీ ఎదురుగా తెర మీదనే ఉంది. పాతయ్యగారు కళ్ళకు కనబడేటట్టు అక్కడే పెట్టుకున్నాడు పాపం, అందరూ పెట్టుకునే చోటే. తెర మీద పెట్టిందంతా సి గదిలో ఉన్నట్టు లెక్క. ఆ వైరు రవ్వంత లోపలికి దిగి ఉండి, మూడుసార్లలో ఒక్కసారి హార్డ్ డిస్కు కనబడినా, నేను తుడిచి పారేసి ఉండేదాన్ని. మంచినీళ్ళు అడిగి తాగాను.

పట్టీని అయ్యగారే చదివాడు. "ఐదో వరస. గేటు వైపు నుంచి మూడోది, చిట్టి, నాలుగేండ్లు. నాలుగోది, రాళ్ళ పనికి వచ్చిన వాళ్ళ బిడ్డ. పేరు తెలియదు. వాళ్ళు పక్క రోజే పని వదిలేసి వెళ్ళిపోయినారు."

పిన్నమ్మ చాలాసేపు ఆ తెరకేసి చూసింది. ఆమెకు చదువు రాదు. "నేను పెట్టేది నాలుగోదాని మీద" అంది.

మర్నాడు చీకటితోనే అందరం కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు వెళ్ళాం. బాబాయి మూడో గుట్ట దగ్గర గుంత తీసి రాయి నిలబెట్టాడు. పిన్నమ్మ దాని ముందు కూర్చుని, తొమ్మిదేళ్ళ ఏడుపునూ మళ్ళీ మొదటి నుంచి ఏడ్చింది. తెల్లగా తెల్లారాక లేచి, పూలలో సగం తీసుకుని నాలుగో గుట్ట దగ్గరికి పోయింది. "అది మన చిట్టిది కాదంట గదనే" అని బాబాయి మెల్లగా అన్నాడు.

"తెలుసు. ఇన్నేండ్లు నా బిడ్డేనని దీని దగ్గర కూర్చోని ఏడ్చినా. ఈ పొద్దు కాదని లేచిపోతే ఇంక దీనికి ఎవరుండారు?" అంది పిన్నమ్మ. తర్వాత అయ్యగారి వైపు తిరిగి దీనికీ ఒక రాయి కావాలంది. పేరు లేదు గదమ్మా, ఏమని రాయాలి అని ఆయన అడిగాడు. ఆమె కొంచెం ఆలోచించి, "చిట్టి తోడు అని రాయండి" అంది. ఆ రాయి ఇప్పటికీ ఉంది.

నేనిప్పుడు గిద్దలూరులో సొంతంగా చిన్న దుకాణం నడుపుతున్నాను. ఎవరు ఏ కంప్యూటర్ తెచ్చినా, ఏమేమి దాచుకున్నారు, ఎక్కడ దాచుకున్నారు అని అడిగి అడిగి విసిగిస్తానని నాకు పేరు. ఈ మేడం మూత తీసేలోపల ఇంకోచోట పనైపోతుందని పక్క దుకాణానికి పోయేవాళ్ళూ ఉన్నారు. పోనీ. ఈస్టర్‌కు మాత్రం తప్పకుండా ఊరికి పోతాను. ఊళ్ళోకి ఎవరు కొత్తగా వచ్చినా పిన్నమ్మ వాళ్ళకు నన్ను చూపించి, "నా చిట్టిని వెతికిచ్చింది ఈ పిల్లే" అని చెబుతుంది. ఆ రోజు నేను ఏమి చేయబోయానో ఆమెకు చెప్పాలని ఏటా అనుకునే పోతాను. ఆమె పీట వేసి, అన్నం పెట్టి, కంచం దగ్గర నా కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ కళ్ళకు అద్దుకుంటుంది. డి అక్షరం మీద మూడుసార్లు పెట్టిన వేలు కూడా వాటిలోనే ఉంటుంది. ఇక ఏమి చెప్పను, తల వంచుకుని ఆ వేళ్ళతోనే కలుపుకుని తింటాను.