నా బరువంత బెల్లం

చాంద్రాయణగుట్టలో కిరాణా కొట్టు దాటుతుంటే బెల్లం వాసన తగిలి ముక్కు మూసుకున్నాను.

చిన్నప్పుడు, అమ్మ దవాఖానలో ఉండగా, నానమ్మ నన్ను కట్టెల మండిలో కాంటా ఎక్కించి సమ్మక్కకు మొక్కింది.

"నా కోడలు మంచిగై ఇంటికొస్తే, ఈ పిల్ల ఎంత తూగితే అంత బెల్లం ఇస్త తల్లీ!"

నేనెంత బరువు పెరిగితే అమ్మ అంత తొందరగా వస్తుందనుకున్నాను. ఆకలి లేకున్నా మింగాను, తమ్ముడి రొట్టె కూడా.

"ఏందే, గింతగనం తింటున్నవ్?" అని నానమ్మ లొల్లి చేసినా ఆగలేదు.

అమ్మ రాలేదు. బెల్లం ఎవరూ కొనలేదు.

ఇప్పుడు మెట్లెక్కాలంటే మోకాళ్లు ఏడిపిస్తున్నాయి. బరువు తగ్గమని డాక్టరమ్మ తిడుతుంది. అన్నం మానేస్తాను, నడుస్తాను. కాంటా ముల్లు కాస్త దిగగానే, అమ్మ కోసం మొక్కిన బెల్లంలో అంత తగ్గించేసినట్టు భయమేసి, మళ్లీ తింటాను.